విమానానికి తగ్గ బట్టలు

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, సైటులో విరామం టైములో, మా షట్టరింగ్ జట్టులోని ఒక తమ్ముడికి ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. నాన్న పోయాడని. ఆఫీసు నుంచి పాస్‌పోర్టు తెప్పించి, తలా ఇంత వేసుకుని టికెట్ తీసి, సాయంత్రం విమానానికి సైటు నుంచే సీదా ఎయిర్‌పోర్టుకు తీసుకుపోయాం. క్యాంపు ఊరికి ఆ కొసన, ఎయిర్‌పోర్టు ఈ కొసన. బట్టలు మార్చుకునే టైము లేదు. ఒంటి మీద కవరాల్, కాళ్లకు సేఫ్టీ షూ, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. ఆయన సామాను అంతే.

కౌంటర్ దగ్గర ఆయన్ని పక్కకు నిలబెట్టారు. ఈ బట్టలతో, ఈ చెమట వాసనతో ఎక్కనివ్వం, పక్క సీటు వాళ్లు ఒప్పుకోరు, మార్చుకుని రమ్మన్నారు. "నాన్న పోయిండు సార్" అంటే "సారీ" అన్నారు గానీ దారి ఇవ్వలేదు. చివరికి మాలో ఒకరు బాత్రూంలోకి పోయి, తన ప్యాంటు షర్టు విప్పి ఆయనకు తొడిగి, ఆయన కవరాల్ తాను వేసుకుని బయటికొచ్చారు. కౌంటర్ మూసే ముందు బోర్డింగ్ పాస్ చేతికొచ్చింది. తెల్లారి ఊళ్లో పాడె లేచే వేళకు అందుకున్నాడు. ఇంటికి పెద్దకొడుకు. తలకొరివి పెట్టాల్సింది ఆయనే.

ఆ రాత్రి క్యాంపులో అన్నాలు తినే కాడ పెద్ద చర్చ. అసలు విమానం ఎక్కాలంటే ఫలానా బట్టలే వేసుకోవాలని రూలు ఉందా? ఒకరు ఉందన్నారు, ఒకరు లేదన్నారు. ఒకరు "మనలాంటోళ్లకే ఉంది" అన్నారు. మేం నలుగురం సెలవు రోజుల్లో కూర్చుని ఈ సంగతి వెతకడం మొదలుపెట్టాం. చదివింది, చూసింది, పెద్దవాళ్లను అడిగి తెలుసుకుంది ఈ సంచికలో పెడుతున్నాం.

ముందు రూలు సంగతి. ప్రయాణికులు ఇదిగో ఈ బట్టలే కట్టుకోవాలని దేశాలన్నిటికీ కలిపి చట్టం ఏదీ లేదు. ఉన్నదల్లా టికెట్ షరతులు, అంటే మనం చదవకుండానే టిక్కు పెట్టే ఆ పొడుగు కాగితం. అమెరికాలో పెద్ద కంపెనీలు ఉత్త కాళ్లతో వస్తే ఎక్కనివ్వమని రాసుకున్నాయి. డెల్టా కంపెనీ షరతుల్లో బట్టలతో పాటు శుభ్రత, ఒంటి వాసన కూడా ఉన్నాయి, అవి పక్కవాళ్లకు ఇబ్బంది అయితే దింపేయొచ్చని. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 'తగినట్టుగా' బట్టలు వేసుకోండి అంటుంది. ఆ తగినట్టుగా అంటే ఏందో మాత్రం చెప్పదు. సైటులో కొలతలు రాయని డ్రాయింగు చేతికిస్తే మేస్త్రీ తనకు తోచినట్టు కడతాడు చూశారా, ఇదీ అంతే. ఆ పూట గేటు దగ్గర ఎవరుంటే వాళ్లదే కొలత.

ఇక చరిత్ర. వెతుకుతుంటే మొట్టమొదట దొరికిన సంగతికే మేం పొట్ట పట్టుకుని నవ్వాం. 1926 మే 23న అమెరికాలో వెస్టర్న్ ఎయిర్ ఎక్స్‌ప్రెస్ అనే కంపెనీ సాల్ట్ లేక్ సిటీ నుంచి లాస్ ఏంజెలిస్‌కు తన మొదటి ప్రయాణికులను తీసుకుపోయింది. ఇద్దరంటే ఇద్దరు. అది ఉత్తరాలు మోసే విమానం. పైన కప్పు లేదు, సీట్లు లేవు. ఉత్తరాల మూటల మీదనే కూర్చున్నారు. టికెట్ 90 డాలర్లు, ఆ రోజుల్లో చిన్న మొత్తం కాదు. మరి వాళ్లకు తొడిగిన బట్టలు? మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా ఉండే ఫ్లయింగ్ సూటు, తలకు తోలు టోపీ, కళ్లకు గాగుల్స్, వీపుకు పారాచూట్. మనం రోజూ పొద్దున తొడుక్కునే కవరాల్, నెత్తిన హెల్మెట్, కళ్లద్దాలు, నడుముకు సేఫ్టీ బెల్టు లాంటివే. ఈ ముచ్చట క్యాంపులో చదివి వినిపిస్తే, ఎయిర్‌పోర్టులో కవరాల్ మార్చుకున్న మా మనిషి "అయితే నేనే అసలు సిసలు ప్రయాణికుణ్ణి" అన్నాడు.

అంతకు ఏడేళ్ల ముందే, 1919లో, లండన్ నుంచి పారిస్‌కు రోజువారీ విమానాలు మొదలయ్యాయి. అందులో ఎక్కేవాళ్లకు కూడా తోలు కోట్లు, టోపీలు, చేతి తొడుగులు ఇచ్చేవారు. చలి, గాలి, నూనె చుక్కలు, ఇంజను హోరు. అప్పట్లో తగిన బట్టలంటే ప్రాణం కాపాడే బట్టలనే అర్థం. మర్యాద ప్రశ్న అప్పటికింకా పుట్టలేదు. విమానానికి గట్టి కప్పు, లోపల వెచ్చదనం వచ్చాకే ఆ ప్రశ్న వచ్చింది. ఒంటిని కాపాడే పని విమానమే తీసుకున్నాక, బట్టలకు వేరే పని పడింది.

ఈ మార్పు మనం ఉన్న చోటనే కొంత కళ్లారా చూడొచ్చు. 1929లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి దారి వేసింది. విమానం, రైలు, మళ్లీ విమానం, అంతా కలిపి వారం ప్రయాణం. 1932లో ఆ దారిని గల్ఫ్‌కు ఇవతలి ఒడ్డుకు మార్చి షార్జాలో విమానాలు దించడం మొదలుపెట్టారు. రాత్రి ప్రయాణికులు పడుకోవడానికి అక్కడ కోట లాంటి గెస్ట్‌హౌస్ కట్టారు. ఇప్పుడు అది అల్ మహత్తా మ్యూజియం. అప్పటి రన్‌వే ఇప్పటి కింగ్ అబ్దుల్ అజీజ్ స్ట్రీట్. మనోళ్లు ఎందరో ఆ రోడ్డు మీద రోజూ బస్సులో పోతుంటారు గానీ కింద రన్‌వే ఉందని తెలియదు. మాకూ తెలియదు, ఈ వ్యాసం కోసం ఒక శుక్రవారం పోయిందాకా. ఆ కాలంలో ఆ విమానాల్లో వచ్చింది దొరలు, అధికారులు, పెద్ద వ్యాపారులు. ఎడారి మధ్యలో దిగినా సూటూ బూటూ తప్పలేదు. చుట్టూ ఉన్న జనం కట్టు వేరు, విమానం దిగినవాళ్ల కట్టు వేరు.

అదే 1932 అక్టోబరులో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి చిన్న విమానం నడిపారు. అక్కడి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు. మోసింది ఉత్తరాలను. ఉత్తరానికి కవరుంటే చాలు గదా, ఎవరూ బట్టలు అడగలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయినంక విమానాలు పెరిగాయి గానీ చాలాకాలం టికెట్ ధరలు మాత్రం దిగలేదు. కంపెనీలన్నీ కూడబలుక్కుని ధరలు కట్టేవి. ధరలో పోటీ లేనప్పుడు దేనిలో పోటీ పడతారు? తిండిలో, సీటులో, దర్జాలో. జనం కూడా అట్లాగే పెళ్లికి పోయినట్టు తయారై వచ్చేవారు. మగవాళ్లకు కోటు, టై, ఆడవాళ్లకు టోపీ, చేతి తొడుగులు. ఆ ఫొటోలు ఇప్పుడు చూపించి "ఆ రోజులే వేరు, ఇప్పుడు జనానికి మర్యాద లేదు" అంటుంటారు కొందరు. 2025 నవంబరులో అమెరికా రవాణా మంత్రి కూడా ఇట్లాగే ఒక ప్రచారం మొదలుపెట్టారు, పైజమాలు, స్లిప్పర్లతో రాకండి, కాస్త గౌరవంగా తయారై రండి అని. మాకు మాత్రం ఆ ఫొటోల్లో ఉన్న మర్యాద కంటే లేని మనుషులే ఎక్కువ కనిపించారు. అప్పుడు మనలాంటోళ్లు విమానంలో లేరు. ఓడలో ఉన్నారు.

బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడలు తిరిగేవి. వాటిలో చివరిది ద్వారక, 1982 దాకా నడిచింది. పైన క్యాబిన్లలో కొద్దిమంది, కింద డెక్కు మీద వందల మంది. చాప, ట్రంకు పెట్టె, దుప్పటి, లుంగీ. డెక్కు టికెట్ వాడు ఏం కట్టుకున్నాడని అడిగినవాడు లేడు. వాడి చోటు వాడిదే, మెట్లెక్కి పైకి రానంత వరకు.

1973లో చమురు ధర ఎగిసింది. ఈ దేశాల్లో రోడ్లు, రేవులు, బిల్డింగులు మొదలయ్యాయి. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి మనోళ్లు బయలుదేరారు. డెక్కు మీద పోవాల్సినోళ్లు నెమ్మదిగా విమానంలోకి వచ్చారు. ఇక్కడే బట్టల సంగతి మనకు తగులుకుంది.

మా క్యాంపులో అందరికన్నా పెద్దాయన ఉన్నారు, నిజామాబాద్ వైపు మనిషి. ఆయన తండ్రి కూడా ఇటే వచ్చి పనిచేసి పోయినవాడు. బొంబాయిలో ఏజెంటు గదిలో నెలలు కూర్చోబెట్టి, వీసా వచ్చిందన్నాక మొదట చెప్పిన మాట "సఫారీ సూటు కుట్టించుకో" అని అట. ధోవతితో పోతే ఆపుతారని భయపెట్టాడు. మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పులోంచి సూటు, బూటు కొన్నారు. జీవితంలో మొదటిసారి బూట్లు వేసుకుని మనిషి నడవలేక, విమానంలో విప్పి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడట. దిగినంక ఆ సూటు పెట్టెలోకి పోయింది. రెండేళ్లకు తిరిగిపోయేటప్పుడు మళ్లీ ఒకసారి. మూడోసారి కొడుకు పెళ్లికి. ఆ కొడుకే మా పెద్దాయన.

పోయేటప్పటి బట్టలు ఒక కథైతే, వచ్చేటప్పటివి ఇంకో కథ. ఫారిన్ షర్టు, నల్ల కళ్లద్దాలు, చేతికి గడియారం, భుజాన టేప్‌రికార్డర్, అత్తరు వాసన. ఊళ్లో అప్పులోళ్లు చూస్తారు, పిల్లనిచ్చేటోళ్లు చూస్తారు. ఎండలో ఇనుము మోసిన మనిషని ఎక్కడా కనపడొద్దు. ఈ నాటకంలో మనం కూడా పాత్రధారులమే, దాచేదేముంది. ఇప్పటికీ సెలవు మీద పోయేముందు కొత్త బట్టలు కొననోళ్లు మాలో ఎంతమంది?

అయితే ఈ బట్టల లెక్కలన్నీ కొట్టుకుపోయిన రోజులు కూడా వచ్చాయి. 1990 ఆగస్టు 2న కువైట్ మీద ఇరాక్ దండెత్తింది. అక్కడున్న మన దేశస్థులు బస్సుల్లో, లారీల్లో ఇరాక్ దాటి జోర్డాన్ చేరారు. ఎడారి డేరాల్లో రోజుల తరబడి పడిగాపులు కాశారు. అమ్మాన్ నుంచి ఎయిర్ ఇండియా దాదాపు రెండు నెలల పాటు 488 విమానాలు నడిపి లక్ష మందికి పైగా ఇంటికి చేర్చింది. స్నానం లేని ఒళ్లు, దుమ్ము కొట్టుకుపోయిన బట్టలు. ఇంజనీరూ అట్లాగే, ఇంటిపని చేసే ఆడమనిషీ అట్లాగే. అప్పుడు వాసన అని ఎవరినీ పక్కకు నిలబెట్టలేదు.

2001 తర్వాత తనిఖీవాళ్ల చూపు కూడా మన బట్టల మీద పడింది. ఆ ఏడాది డిసెంబరులో పారిస్ నుంచి మయామీ పోయే విమానంలో ఒకడు బూటులో బాంబు పెట్టుకుని వచ్చి దొరికాడు. దాంతో అమెరికాలో అందరి బూట్లూ విప్పించే నియమం 2006 నుంచి గట్టిగా అమలైంది, 2025 జులైలో గానీ ఎత్తేయలేదు. ఒక్కడి బూటుకు దాదాపు ఇరవై ఏళ్లు లోకం ఉత్త కాళ్లతో నిలబడింది. మనకు ఇందులో పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. సేఫ్టీ షూ ముందు భాగంలో ఇనుప రేకు ఉంటుంది, గేటు దగ్గర కూత పెడుతుంది. విప్పాల్సి వస్తుంది, లైను ఆలస్యమవుతుంది, వెనకవాడు గొణుగుతాడు. సంచిలో వేసి మామూలు బూట్లు తొడుక్కోవడం మేలు.

కట్టుబాట్లు దేశాన్ని బట్టి కూడా మారాయి. సౌదీ వాళ్ల ఎయిర్‌లైన్ ఆడవాళ్లు కాళ్లు చేతులు కనపడే బట్టలతో, మగవాళ్లు నిక్కర్లతో రావద్దని రాసుకున్న సంగతి 2017లో బయటపడి పెద్ద గోల అయింది. అదే ఏడాది మార్చిలో అమెరికాలో లెగ్గింగ్స్ వేసుకున్న ఇద్దరు ఆడపిల్లలను యునైటెడ్ కంపెనీ ఎక్కనివ్వలేదు. గోల అయ్యాక కంపెనీ చెప్పిందేమిటంటే, వాళ్లు ఉద్యోగుల పాసు మీద వచ్చారు, పాసు వాళ్లకు వేరే రూలు, డబ్బు కట్టి కొన్నవాళ్లు లెగ్గింగ్స్ వేసుకోవచ్చని. అంటే అదే విమానంలో అదే గుడ్డ ఒకరికి తగింది, ఒకరికి తగనిది.

ఆ 2017లోనే మన దేశంలో ఏప్రిల్ 27న ఉడాన్ పథకం మొదలైంది. సిమ్లాలో ప్రధాని మోదీ హవాయి చెప్పులు వేసుకునేవాళ్లు హవాయి జహాజ్‌లో కనిపించాలన్నారు. ఆ రోజు మొదలైన విమానాల్లో కడప-హైదరాబాద్ కూడా ఒకటి. కడప జిల్లా నుంచి కువైట్ పోయే మన అక్కచెల్లెళ్లు అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే చెప్పులతో విమానం ఎక్కుతున్నారు, అది వేరే సంగతి.

చెప్పుల్లేకుండా ఎక్కేవాళ్లూ ఉన్నారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా హైదరాబాద్ నుంచి కొచ్చి పోయే విమానాల్లో చూడండి. నల్ల బట్టలు, మెడలో మాల, ఉత్త కాళ్లు. అయ్యప్ప స్వాములను చెప్పుల్లేవని ఎవరూ ఆపరు. 2024 అక్టోబరులో ఇరుముడిలోని కొబ్బరికాయను కూడా క్యాబిన్‌లోకి తెచ్చుకోవచ్చని విమాన భద్రత ఆఫీసు సీజను వరకు ఒప్పుకుంది. హజ్‌కు, ఉమ్రాకు జెడ్డా పోయే విమానాల్లో ముస్లిం సోదరులు కుట్టని రెండు తెల్ల గుడ్డలు కట్టుకుని కూర్చుంటారు. మీకాత్ హద్దు వస్తోందని లోపల ప్రకటన కూడా చేస్తారు. అక్కడ కోటీశ్వరుడికీ కూలీకీ ఒకటే బట్ట. కుట్టని గుడ్డ తగినప్పుడు, ఉత్త కాలు తగినప్పుడు, కష్టం చేసిన కవరాల్ ఎందుకు తగలేదని మా తమ్ముడు అడిగితే మా దగ్గర జవాబు లేదు. భక్తికి ఇచ్చిన మినహాయింపు చావుకబురుకు ఇవ్వరా అని ఇంకొకరన్నారు.

బట్టలే కాదు, పాస్‌పోర్టు అట్టకు కూడా మనకు వేరే రంగు వేయాలని చూశారు. 2018 జనవరిలో ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల్సిన వాళ్లకు, అంటే ముఖ్యంగా పది పాస్ కానివాళ్లకు, నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని ప్రకటన వచ్చింది. లైనులో నిలబడితే చాలు, చదువుకోనివాడని దూరం నుంచే తెలుస్తుంది. గొడవ కావడంతో నెల తిరక్కుండానే ఆ ఆలోచన మానుకున్నారు. ఏజెంట్లు మనోళ్లకు పెట్టే ఒకే రంగు టోపీలు, టీ షర్టులు మాత్రం ఎవరూ మానలేదు. తప్పిపోకుండా అంటారు. నిజమే, తప్పిపోరు. అందరి కంటా పడతారు కూడా.

2020 సంగతి మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. మే 7న వందే భారత్ విమానాలు అబుదాబి, దుబాయ్ నుంచి మొదలయ్యాయి. మూతికి మాస్కు, దాని మీద ప్లాస్టిక్ షీల్డు. మధ్య సీటు ఖాళీ పెట్టలేకపోతే అందులో కూర్చున్నవాళ్లకు ఒంటి మీద గౌను కూడా ఇవ్వాలని మన విమానయాన శాఖ ఆ జూన్ నుంచి నియమం పెట్టింది. నూరేళ్లు తిరిగి మళ్లీ మొదటికొచ్చినట్టయింది. తోలు కోటు బదులు ప్లాస్టిక్ గౌను, గాగుల్స్ బదులు షీల్డు. బట్టలు మళ్లీ ప్రాణం కోసమే.

ప్రాణం సంగతి వచ్చింది గనుక సూపర్‌వైజర్ బుద్ధి ఊరుకోదు, రెండు మాటలు చెప్పాలి. వెల్డింగ్ పనికి నైలాన్, పాలిస్టర్ వేసుకుని వస్తే మేం వెనక్కి పంపేస్తాం. నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు బట్ట అట్లా అంటుకోదు. విమానానికీ ఇదే లెక్క. నిండా కప్పే నూలు ప్యాంటు, నూలు షర్టు మంచిది. సగం తలుపులు పనిచేయకపోయినా 90 సెకన్లలో అందరూ బయటపడేట్టు ఉండాలన్నది పెద్ద విమానాలకు పెట్టే పరీక్ష. అప్పుడు జారుడుబల్ల మీద చెప్పులు నిలవవు, తాళ్లు కట్టిన బూట్లే నిలుస్తాయి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వచ్చిన విమానం దుబాయ్‌లో దిగుతూ కూలి మంటల్లో పడింది. లోపలున్న 300 మందీ బయటపడ్డారు, మంటలార్పే సిబ్బందిలో ఒకరు చనిపోయారు. ఆగస్టు, మిట్టమధ్యాహ్నం, రన్‌వే. ఆ నేల మీద ఉత్త కాలు పెడితే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పక్కర్లేదు. పైన ఎగిరేటప్పుడు కాళ్లు కొంచెం వాస్తాయి, అందుకని తాళ్లు కాస్త వదులు చేసుకోండి గానీ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు బూట్లు విప్పకండి.

మా తమ్ముడు నెల సెలవు తర్వాత తిరిగొచ్చాడు. ఆ రోజు తీసుకున్న ప్యాంటు షర్టు ఉతికి ఇస్త్రీ చేసి తెచ్చాడు. ఇచ్చినాయన తీసుకోలేదు, సైటు ఆఫీసు బీరువాలో పెట్టమన్నాడు. ఎవరికైనా అట్లాంటి ఫోన్ వస్తే ఉంటాయని. అది చూసి ఇంకొందరు తలా ఒక జత తెచ్చి పెట్టారు. ఒక తువ్వాలు, సబ్బు, తాళ్ల బూట్లు రెండు జతలు కూడా చేరాయి. ఇప్పటికి నలుగురు వాడుకున్నారు, నలుగురూ ఉతికి తిరిగి పెట్టారు. ఫోరం సభ్యులు మీ మీ సైట్లలో కూడా ఒక అర ఖాళీ చేయగలిగితే చేయండి. మా దగ్గర షర్టులు సరిపడా ఉన్నాయి. 34 నడుము ప్యాంట్లు, తొమ్మిదో నంబరు బూట్లు తక్కువగా ఉన్నాయి.